షికాగో శరణ్య అక్క

"ఫ్రెండ్స్, షికాగో చలికి మొదట దొరికేది మన చెవులే," అని చదివింది ముబషిరా. "మామూలు టోపీ చాలదు. చెవులు మూసే ఉన్ని టోపీ కొనుక్కోండి. అది కూడా అక్కడ దిగాక కాదు, బయల్దేరకముందే."

చెమట కణత మీదుగా జారి హెడ్‌ఫోన్ స్పాంజిలోకి ఇంకింది. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, మెట్లెక్కితే మొదటి అంతస్తులో, మూడు గోడలకూ బొంతలు వేలాడదీసిన చిన్న గది అది. నాలుగో వైపు అద్దం. చప్పుడు పడుతుందని రికార్డింగ్ సేపు ఫ్యాను ఆపేస్తారు. సెప్టెంబరు వచ్చినా వాన జాడ లేదు. మధ్యాహ్నానికి బొంతలు వేడెక్కి, ఎవరో ఎప్పుడో కప్పుకున్న వాసన వేస్తాయి.

"లోపల ఒంటిని అంటుకునే థర్మల్, దాని మీద ఉన్ని, అన్నిటికీ పైన గాలి దూరని జాకెట్. మూడు పొరలు. ఒకే ఒక్క లావు కోటు కంటే ఇవి నయం. లోపలికి వెళ్లగానే ఒక్కొక్కటి తీసేయొచ్చు."

అద్దం అవతల నాగేంద్రబాబు బొటనవేలు ఎత్తి చూపించాడు. తలుపు తెరిచి ఫ్యాను స్విచ్చి తనే వేశాడు.

"సూపర్ శరణ్యా! నాకే చలి పుట్టించినావు పో."

ఛానల్ పేరు 'షికాగో శరణ్య అక్క'. అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లలు చలికాలం సెలవుల్లో ఏ ఊరు చూడాలి, ఏం వేసుకోవాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అని చెప్పే ఛానల్. తెర మీద మంచు, మేడలు, రైళ్లు కదులుతుంటాయి. అక్క ముఖం ఎప్పుడూ కనబడదు. గొంతు ముబషిరాది. నాగేంద్రబాబు తెచ్చి ఇచ్చే ఇంగ్లీషు ప్రింట్లు చదివి తెలుగులో రాసేదీ ముబషిరానే. ఉదయగిరిలో ఇంటర్ పాసై ఈ మేడ ఎక్కిన రోజు నుంచి ఆయన ఆమెను పేరు పెట్టి పిలవలేదు. శరణ్యా అనే పిలుస్తాడు.

ఆమె చున్నీ కొసతో ముఖం తుడుచుకుని అక్కడే నిలబడింది. మైకు ముందు వచ్చినంత తేలిగ్గా మనుషుల ముందు మాట రాదు ఆమెకు.

"ఏంది? చెప్పు."

"సార్, నా సర్టిఫికెట్లు..."

"ఏ సర్టిఫికెట్లు?"

"టీసీ, మార్కుల మెమో. చేరినప్పుడు వెరిఫికేషన్ అని తీసుకున్నారు గదా సార్. నెల్లూరు డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. పొద్దున మెసేజ్ వచ్చినాది. శనివారం నాలుగు గంటల్లోపల ఒరిజినల్స్ ఇయ్యాలంట. లేకుంటే సీటు ఇంకొకరికి పోద్దంట."

ఇంత పొడుగు మాట ఆమె ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాగేంద్రబాబుకు కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు. బల్ల మీది పునుగుల పొట్లం విప్పి ఆమె వైపు జరిపాడు.

"తిను ముందు. సీటొచ్చిందా! మంచిదే. కానీ నువ్వే చెప్పు, వింటర్ సిరీస్ పన్నెండు ఊళ్లు. అయినవి ఐదు. మధ్యలో నువ్వు పోతే అక్క గొంతు మారిపోద్ది. జనం ఏమనుకోవాల? అక్కకు జలుబు చేసిందనుకుంటారా?" అని తనే నవ్వాడు. "డిసెంబరు కానీ. నేనే దగ్గరుండి పంపిస్తా. కాలేజీ యాడికి పోద్ది? వచ్చే ఏడు కూడా ఆడనే ఉంటాది."

ఆయన నడుముకు తాళాల గుత్తి. వెనక బూడిదరంగు బీరువా. ముబషిరా ఒక పునుగు తీసుకుంది. తీసుకున్నాక, ఎందుకు తీసుకున్నానా అనుకుంది.

ఆఫీసు వెనక గదిలో ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు, ముబషిరా, సుకుమారి. సుకుమారిది చేజర్ల. వీడియోలకు బొమ్మలు అతికించే పని ఆమెది. ఆ గదికి ఒకే కిటికీ, తెరిస్తే పక్కింటి గోడ. రాత్రి ఎనిమిదికి కింది గేటుకు నాగేంద్రబాబు భార్య తాళం వేస్తుంది. ఆడపిల్లలు కదా, మంచికే అంటుంది.

"అడిగినావా?" అంది సుకుమారి, కంప్యూటర్ మీంచి కళ్లు తియ్యకుండా.

"అడిగినా. డిసెంబరు అన్నాడు."

"నాకు పోయిన డిసెంబరు అన్నాడు." మౌస్ రెండుసార్లు నొక్కింది. "నీది ఇంకా పైనే ఉంటాదిలే. నాది బీరువాలో అడుగున పడిపోయుంటాది."

"నీకు బాధ లేదా అక్కా?"

"మొదట్లో ఉండేది. ఇప్పుడేం అనిపియ్యదు."

*

గురువారం పొద్దున ముబషిరా బోస్టన్ గురించి రాయడానికి కూర్చుంది. చేతి తొడుగులు లేకపోతే కొద్ది నిమిషాల్లోనే వేళ్లకు స్పర్శ పోతుందని ప్రింటులో ఉంది. అది ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలియనిది రాస్తే వాక్యం చప్పగా వస్తోంది.

టీ కోసం కిందికి దిగినప్పుడు రెబెకమ్మ బస్టాండు గోడ దగ్గర చేపల పెట్టె దించుకుంటోంది. సోమశిల చేపలు, మీద ఐసు ముక్కలు.

"పెద్దమ్మా, అందులో ఒక నిమిషం చెయ్యి పెడతా."

"కొనేది లేదు గానీ ఐసులో చెయ్యి పెడతాదంట," అంది రెబెకమ్మ, ఈగల్ని తోలుతూ. "పెట్టుకో. నా చేపలకేం సిగ్గు లేదులే."

ముబషిరా మణికట్టు దాకా ఐసులోకి తోసింది. ఇరవై లెక్కపెట్టేసరికి నొప్పి మొదలైంది. యాభైకి మంట. నీళ్లు తగిలినా, నిప్పు తగిలినా ఒకటేనేమో అన్నంత మంట. పళ్లు బిగించి లెక్కపెడుతూ పోయింది. రెండొందలు దాటాక మంట తగ్గింది. ఇంకాసేపటికి చెయ్యి తనది కాదన్నట్టు ఊరుకుంది.

"పాపా, తియ్యి! చెయ్యి తెల్లంగా అయింది!"

రెబెకమ్మ చెయ్యి లాగి తన పైటలో చుట్టి రుద్దింది. ప్రాణం వస్తుంటే మళ్లీ మంట పుట్టింది, ముందుకంటే ఎక్కువగా. పైకి వచ్చి, పెన్ను సరిగా నిలవని వేళ్లతోనే రాసుకుంది ముబషిరా: 'నొప్పి తగ్గిందంటే చలి తగ్గిందని కాదు. వేళ్లు మొద్దుబారాయని. నొప్పి ఉన్నప్పుడే లోపలికి వెళ్లిపోండి.'

తర్వాత తక్కినవీ రాసింది. బోస్టన్ కాలిబాటల మీద గాజులాంటి మంచు పడుతుంది, కనబడదు, బాతులాగా చిన్న చిన్న అడుగులు వెయ్యండి. నాలుగున్నరకే చీకటి పడుతుంది, చూడాల్సినవి పొద్దున్నే చూసేయండి. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ పడిపోతుంది. మంచు పెద్దగా పడితే విమానాలు ఆగిపోతాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోండి. తెల్లారేసరికి ఇళ్ల ముందు పారలతో మంచు గీకుతుంటారు, ఆ కరకరకు మెలకువ వస్తే భయపడకండి.

మధ్యాహ్నం కామెంట్లు చూడటం కూడా ఆమె పనే. శరణ్య అక్క పేరుతోనే జవాబు ఇవ్వాలి. ఆ రోజు జయశ్రీ అనే అమ్మాయి అడిగింది: 'అక్కా, మేం నలుగురం డిసెంబరులో న్యూయార్క్ వెళ్తున్నాం. ఐదు రోజులకు ఒకాయన దగ్గర రూము మాట్లాడుకున్నాం. మేం ఖాళీ చేసేదాకా పాస్‌పోర్టులు ఆయన దగ్గర పెట్టాలంటున్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. ఇవ్వచ్చా?'

ముబషిరా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఫ్యాను తిరుగుతోంది. బీరువా మీద కాగితాలు అదిరి సద్దుమణుగుతున్నాయి.

ఒకసారి రాసి చెరిపింది. రెండోసారీ చెరిపింది. మూడోసారి ఇలా రాసింది:

'ఇవ్వొద్దు జయశ్రీ. అడిగితే చూపించు. జెరాక్స్ ఇవ్వు. ఒరిజినల్ మాత్రం నీ దగ్గరే ఉండాలి. మనిషి మంచివాడైనా సరే. ఒకవేళ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఒక్కదానివే అడగడానికి వెళ్లొద్దు, తోడు ఒకరిని తీసుకెళ్లు. గొడవ పడొద్దు, ఏడవొద్దు. ఎందుకు కావాలో, ఎన్ని గంటలకు కావాలో ఒకసారి చెప్పు. చెప్పి అక్కడే కూర్చో. చేతికి వచ్చేదాకా కదలొద్దు.'

చివరి మాటలు ఏ ప్రింటులోనూ లేవు. ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకే తెలియలేదు.

గంట తర్వాత నాగేంద్రబాబు ఫోను పట్టుకుని వచ్చాడు. ముబషిరా గబగబా కామెంట్ల పేజీ మూసేసింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఏం రాసినావు శరణ్యా! గంటలో నాలుగొందల లైకులు. ఇట్లాంటివి కావాల మనకు. దీన్ని బోస్టన్ వీడియోలో చివర్న పెట్టు, అట్టనే చదువు, ఒక్క ముక్క మార్చబాక. శనివారం పన్నెండుకు అప్‌లోడ్ కావాల. యాడ్ ఇచ్చిన జాకెట్ల కంపెనీ వాళ్లకు మాటిచ్చినా."

ఆయన వెళ్లాక సుకుమారి కుర్చీ ఇటు తిప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సుకుమారి చేత్తో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏమో, భుజాలు అదిరాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని మళ్లీ కుర్చీ తిప్పేసింది.

*

శుక్రవారం సాయంత్రం ముబషిరా మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేసింది. తల్లి జైతూన్‌బీ ఎత్తింది. వెనకాల ఆకురాయి చప్పుడు. ఉదయగిరిలో వాళ్లది చెక్క చెంచాలు చెక్కే ఇల్లు. తండ్రి ఖాదర్ బాషా హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు పోయి వారమైంది.

"అమ్మీ, ఇయ్యనంటున్నాడు. సుకుమారి అక్కది కూడా ఇంకా ఇయ్యలేదంట."

ఆకురాయి ఆగింది. "అరిచినాడా?"

"లేదు. పునుగులు పెట్టినాడు."

"అరిస్తేనే బాగుండు," అంది జైతూన్‌బీ. "అరిచేవాడితో ఏదో ఒకటి అనొచ్చు."

"అబ్బాను రమ్మందామా?"

"ఆయన వచ్చేలోపల నీ శనివారం అయిపోద్ది." తర్వాత అడిగింది. "మీ సారు చేసే పని ఏంది, ఆడ?"

"మాటలు రికార్డు చెయ్యడం. వేరే చప్పుడు ఏదీ పడకూడదు. ఫ్యాను కూడా ఆపేస్తారు. పాపం బొంతలు కూడా కట్టినాడు."

"ఓహో." మళ్లీ ఆకురాయి మొదలైంది, నిదానంగా. "నేను పొద్దున ఫస్టు బస్సుకు వస్తా."

"వచ్చి ఏమంటావు అమ్మీ? నీకు కూడా నాలాగే మాట రాదు గదా."

"నేనేం అంటాను! రెండొందల చెంచాలు సోమవారానికి ఇయ్యాల. పని తెచ్చుకుంటా."

*

శనివారం ఎనిమిదిన్నరకు జైతూన్‌బీ గోనెసంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చింది. నాగేంద్రబాబు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. జైతూన్‌బీ టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టింది.

"బాబూ, పాప కాగితాలు కావాల. పన్నెండున్నర బస్సుకు నెల్లూరు పోవాల. నాలుక్కు ఇయ్యాలంట."

"అమ్మా, నేను పాపతో అంతా మాట్లాడినా. డిసెంబరుకు..."

"సరే బాబూ," అంది ఆమె. "నేను చెప్పేది చెప్పినా. ఈడ కూర్చోనుంటా."

తలుపు బయట, మెట్ల మలుపులో గోడకు ఆనుకుని కూర్చుంది. సంచి విప్పింది. నర్ది కర్రతో చెక్కిన చెంచా ఒకటి తీసి కాలి బొటనవేళ్ల మధ్య బిగించి, ఆకురాయి పెట్టింది. కర్ర్... కర్ర్...

"ఏందమ్మా అది?"

"చెంచాలు బాబూ. గరుకు తియ్యాల. నోట్లో పెట్టుకునేది గదా."

"ఇంటి కాడ గీసుకోవచ్చు గదా."

"ఇంటి కాడే గీసేదాన్ని. పాప కాగితాలు ఈడ ఉండాయని ఈడికొచ్చినా. మీ పని మీరు చేసుకోండి బాబూ, నాకేం ఇబ్బంది లేదు."

తొమ్మిదింటికి ముబషిరా మైకు ముందు కూర్చుంది. ఫ్యాను ఆగింది. "ఫ్రెండ్స్, ఈ వారం మన ఊరు బోస్టన్," అంది. హెడ్‌ఫోన్లో తన గొంతు వెనకే, సన్నగా, ఆపకుండా కరకర. నాగేంద్రబాబు చెయ్యెత్తి ఆపాడు. తలుపులు రెండూ మూశాడు. మళ్లీ మొదలుపెట్టారు. జైతూన్‌బీ వీపు ఆనిన గోడే రికార్డింగ్ గది గోడ. చప్పుడు బొంతల్లోంచి కూడా వచ్చింది.

ఆయన బయటికి పోయి కింద కూర్చోమ్మా అని బతిమాలాడు. జైతూన్‌బీ సంచి సర్దుకుని కింది మెట్టుకు దిగింది. ఆ ఇరుకు మెట్లలో చప్పుడు ఇంకా గట్టిగా మోగుతూ పైకి వచ్చింది. గేటు అవతల కూర్చోమన్నాడు. "ఆడ ఎండ బాబూ," అందామె, మెత్తగా. అప్పటికి పదిన్నర. జాకెట్ల కంపెనీ నుంచి ఫోను రెండుసార్లు వచ్చింది. సుకుమారి తన తెర మీదే చూపు పెట్టుకుని కూర్చుంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"సరే, చదువు. కంప్యూటర్లో తీసేద్దాం," అన్నాడు నాగేంద్రబాబు. హెడ్‌ఫోన్ పెట్టుకుని అద్దం అవతల కూర్చున్నాడు.

ముబషిరా చదివింది. బాతు నడక, లోపలి జేబు, నాలుగున్నర చీకటి, ఇళ్ల ముందు పారల కరకర. వెనక ఆకురాయి ఆగలేదు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ తన గొంతు వణకడం లేదని ఆమె గమనించింది. ఐసులో చెయ్యి పెట్టి వచ్చి రాసుకున్నదీ చదివింది. "నొప్పి ఉన్నప్పుడే లోపలికి వెళ్లిపోండి."

చివరి కాగితం తిప్పింది. అది చూసి చదవాల్సిన పని లేదు.

"ఒరిజినల్ మాత్రం నీ దగ్గరే ఉండాలి. మనిషి మంచివాడైనా సరే." తల ఎత్తి అద్దంలోంచి చూసింది. నాగేంద్రబాబు కళ్లు దించుకుని సౌండ్ మీటరు వైపు చూస్తున్నాడు. "ఎందుకు కావాలో, ఎన్ని గంటలకు కావాలో ఒకసారి చెప్పు. చెప్పి అక్కడే కూర్చో. చేతికి వచ్చేదాకా కదలొద్దు."

కర్ర్... కర్ర్... అంది మెట్ల మీద.

ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. చాలాసేపు దాని వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు. తలుపు తెరిచినప్పుడు ముఖంలో ఎప్పటి నవ్వు లేదు.

"ఇంత అవసరమని నాకు చెప్పుండొచ్చు గదా."

"బుధవారం చెప్పినా సార్."

ఆయన నడుము నుంచి గుత్తి తీశాడు. బీరువా తలుపు కీచుమంది. లోపల ప్లాస్టిక్ కవర్ల దొంతర, పదిహేనుకు తక్కువ ఉండవు. పైనుంచి ఒక్కొక్కటి తిప్పాడు. నాలుగో దాని దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా అడిగాడు.

"నీ పూర్తి పేరేంది?"

"షేక్ ముబషిరా."

"ముబషిరా," అన్నాడు, కవరు మీద చదువుతూ. తీసి ఇచ్చాడు.

ఆమె కవరు తెరిచి టీసీ చూసుకుంది, మెమో చూసుకుంది, మెట్ల దగ్గరికి పోయి తల్లికి చూపించింది. జైతూన్‌బీ తల ఊపింది. చెంచా మాత్రం కాలి వేళ్ల మధ్య నుంచి తియ్యలేదు. కర్ర్... కర్ర్...

"ఇచ్చేసినా గదమ్మా!" అన్నాడు నాగేంద్రబాబు పైనుంచి.

"నా పాపది ఇచ్చినావు బాబూ. ఇంకొక పాప ఉండాది గదా లోపల."

సుకుమారి కుర్చీలోంచి సగం లేచి నిలబడిపోయింది. "నాది వద్దు పెద్దమ్మా. నేను యాడికీ పోయేది లేదు," అంది.

"పోబాక. నీ దగ్గర పెట్టుకో."

నాగేంద్రబాబు గడియారం చూసుకున్నాడు. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, అడుగు నుంచి ఒక కవరు లాగాడు. దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. సుకుమారి దాన్ని వెంటనే తీసుకోలేదు. ముందు వేలితో తాకింది. తర్వాత రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకుని, మళ్లీ తన కంప్యూటర్ ముందే కూర్చుంది.

కింద ఆకురాయి ఆగింది. మేడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, రికార్డింగ్‌కు ఎంత కావాలో అంత.

"ఇప్పుడు చప్పుడు లేదు గదా, పది నిమిషాలు. ఒక్కసారి చదివేసి పో," అన్నాడు ఆయన.

ముబషిరా మైకు వైపు చూసింది. చున్నీ సర్దుకుంది.

"బస్సు వస్తాది సార్," అంది.

*

నెల్లూరు కాలేజీ కౌంటర్‌లో మేడం టీసీ అందుకోవడానికి చెయ్యి చాపింది. ముబషిరా దాన్ని వెంటనే వదల్లేదు.

"రసీదు ఇస్తారా మేడం?"

మేడం కళ్లద్దాల మీంచి చూసి, రసీదు రాసి, సీలు వేసి ఇచ్చింది. మూడుంబావు అయింది. ముబషిరా రసీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును గుడ్డసంచిలో పెట్టి, గుడ్డసంచిని బ్యాగులో అడుగున పెట్టింది. మూడు పొరలు.

వరండా మెట్ల మీద జైతూన్‌బీ కూర్చుని మళ్లీ పని తీసింది. ఈసారి ఉప్పుకాగితంతో నున్నన చేస్తోంది. ముబషిరా పక్కన కూర్చుని ఫోను తెరిచింది. బోస్టన్ వీడియో సరిగ్గా పన్నెండుకు వచ్చేసింది. చప్పుడు తీసెయ్యడానికి టైము దొరకలేదు కాబోలు, అలాగే పెట్టేశాడు. తెర మీద మంచు రాలుతోంది. శరణ్య అక్క మాట్లాడుతోంది. వెనకాల కరకర.

కింద కామెంట్లు అప్పటికే వంద దాటాయి. 'అక్కా, వెనక ఆ సౌండ్ ఏంటి?' అని ఒకరు అడిగారు. 'అక్క చెప్పింది కదరా, పొద్దున్నే ఇళ్ల ముందు మంచు గీకుతారని. ఎంత రియల్‌గా ఉందో!' అని ఇంకొకరు. దాని కింద, జయశ్రీ: 'అక్కా, నలుగురం కలిసి వేరే రూము చూసుకున్నాం. థాంక్స్.'

ముబషిరా చాలాసేపు చూసింది. ఛానల్ ఖాతాలోంచి బయటికి వచ్చింది. తన సొంత పేరుతో ఎప్పుడో తెరిచి, ఒక్క మాటా రాయని ఖాతాలోకి వెళ్లింది. ఆ సౌండ్ ఏంటని అడిగిన ప్రశ్న కింద రాసింది:

'అది మంచు కాదు. మా అమ్మ. ఉదయగిరిలో చెంచాలు చేస్తుంది.'

పంపించే ముందు, 'ఉదయగిరిలో' అన్న చోట ఆగి, దాని ముందు 'నెల్లూరు జిల్లా' అని చేర్చింది.